‘ఉడుకు’ పాటను చల్లార్చిన వాళ్లం

రికార్డింగ్ పని నేర్చుకుంటామని వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది మైకు గురించి. ఏది కొనాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, గోడలకు ఏం అతికిస్తే ప్రతిధ్వని పోతుంది. ముప్పై ఏళ్లకు పైగా ఈ పని చేసి, ఎడమ చెవిలో హోరు ఆగక స్టూడియోకు తాళం వేసినవాణ్ని అడగాల్సిన ప్రశ్నలు కావివి. వీటికి జవాబు సామాను అమ్మేవాడు చెబుతాడు. అమ్ముకోవాలి కాబట్టి నాకంటే ఓపిగ్గా చెబుతాడు.

నేను చెప్పగలిగేది వేరే ఉంది. ఒక మంచి పాటను పాడు చెయ్యడం ఎంత తేలికో, పాడు చేసినవాణ్ని ఊరు ఎంత గౌరవిస్తుందో నాకు బాగా తెలుసు. ఆర్మూర్‌లో ఒక మొగుడూ పెళ్లామూ కలిసి చేసిన ‘ఉడుకు’ అనే రాక్ పాట విషయంలో ఆ పని చేసింది నేనే. ఆ పాట పేరు విన్నవాళ్లు చాలామంది ఉంటారు. పాట విన్నవాళ్లు మాత్రం బహు కొద్దిమంది. ఈ తేడా ఎలా వచ్చిందో రాస్తాను.

స్టూడియో అంటే

నా స్టూడియో ఆర్మూర్‌ను ఆనుకుని ఉన్న పెర్కిట్‌లో హైవే పక్కన, టైర్ల దుకాణం మీద రెండు గదులు. లారీవాడు హారన్ కొడితే పాడుతున్న టేకు ఆపాలి. ఒక గదిలో నేను, మిక్సర్. అద్దానికి అవతలి గదిలో పాడేవాళ్లు. బయట బోర్డు మీద వీణ బొమ్మ వేయించాను. ఆ గదిలోకి ఏనాడూ వీణ రాలేదు.

వచ్చినవి ఏమిటంటే విత్తనాల ప్రకటనలు, స్కూలు అడ్మిషన్ల ప్రకటనలు, ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పే చాటింపులు, పండగ నెలల్లో భక్తి పాటలు, ఎన్నికల నెలల్లో నాయకుల పాటలు. సంగీతానికి సేవ చేద్దామని ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఈ జాబితా రాసి గోడకు అతికించుకోండి. ప్రతిధ్వని కూడా తగ్గుతుంది.

ఒకసారి ఒక నాయకుడు తన మీద రాయించుకున్న పాటను తానే పాడతానని వచ్చాడు. శ్రుతి లేదు, తాళం లేదు, చరణం గుర్తుండదు. పొద్దంతా పాడించి, ఒక్కో మాటను ఒక్కో టేకులోంచి కోసి అతికి, సాఫ్ట్‌వేర్‌తో శ్రుతికి లాగి పాట అనిపించాను. అది విని వెంట వచ్చినవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. "అన్న గొంతుల ఏదో ఉన్నది" అన్నాడు ఒకడు. ఉన్నది నేనే. ఆ రోజు నుంచి చుట్టుపక్కల మండలాల్లో నాకు పేరొచ్చింది, గొంతు లేనివాడికి గొంతిస్తాడని. ఆ పేరుకు మురిసిపోయాను. గొంతు ఉన్నవాళ్లను ఏం చేస్తానో అప్పటికి ఎవరూ అడగలేదు.

నాకు పని నేర్పింది నిజామాబాద్‌లో ఒక క్యాసెట్ల స్టూడియో యజమాని. పెద్దసారు అనేవాళ్లం. చెవి గొప్పది, మనసు ఇరుకు. "ఇనేటోడు తప్పు వట్టొద్దు. గంతే మన పని" అనేవాడు. ఊపిరి తీసిన చప్పుడు, గొంతు సవరించుకున్న చప్పుడు, గాజుల చప్పుడు, ఏది వినపడినా కాగితాల చుట్టతో నా నెత్తి మీద ఒకటి వేసేవాడు. పాటలో మనిషి ఉన్న ఆనవాలు మిగలడం ఆయనకు పడేది కాదు. ఆ చుట్ట దెబ్బలకు భయపడి నేర్చుకున్న పని నాది. భయంతో నేర్చుకున్నది చేతికి బాగా అంటుకుంటుంది, బుర్రకు మాత్రం ఎక్కదు.

ముప్కాల్ నుంచి ఒకాయన తన తల్లిని తీసుకొచ్చి నాట్ల పాటలు రికార్డు చేయించాడు. ముసలామె పాదానికీ పాదానికీ నడుమ గట్టిగా ఊపిరి తీసేది, నడుం వంచి నాటు వేసేటప్పుడు తీసినట్టే. అవన్నీ ఒక్కటి మిగలకుండా కోసేశాను. వారం తిరక్కుండానే కొడుకు మళ్లీ వచ్చాడు.

"మా అవ్వ గిట్ల పాడది సార్. గిది ఎవలో కుర్సీల కూసోని పాడినట్టున్నది."

నవ్వి పంపించాను. ఆయనకు రికార్డింగ్ తెలియదనుకున్నాను. పాట తెలియనివాణ్ని నేనని అప్పుడే తెలిసి ఉంటే మిగతాది రాయాల్సిన పని పడేది కాదు.

ఇద్దరే వచ్చారు

ప్రభాకర్‌కు ఆర్మూర్‌లో వెల్డింగ్ షాపు ఉంది. ఎండిన పసుపు కొమ్ములను లోపల పోసి తిప్పి పాలిష్ పట్టే ఇనుప డ్రమ్ములను బాగు చెయ్యడంలో పేరున్నవాడు. పెళ్లిళ్ల రోజుల్లో ఒక ఆర్కెస్ట్రాలో గిటార్ వాయించేవాడు. అదే ఆర్కెస్ట్రాలో స్వరూప కోరస్ పాడేది. వేల్పూర్ పిల్ల, పసుపు పండించే ఇల్లు. ఒక పెళ్లికి డ్రమ్స్ వాయించేవాడు రాకపోతే ఆమె కూర్చుని వాయించింది. మర్నాటి నుంచి అదే తన పని అనుకుంది. ఆర్కెస్ట్రా యజమాని అలా అనుకోలేదు. ఆడమనిషి డ్రమ్స్ వాయిస్తే పెళ్లికొచ్చినవాళ్లు పెళ్లి చూడరన్నాడట. ఇద్దరూ పెళ్లి చేసుకుని అందులోంచి బయటికి వచ్చేశారు.

నా స్టూడియోకు వచ్చేసరికి వాళ్లకు పెళ్లయి ఆరేళ్లు. డ్రమ్స్ అన్నీ విప్పి ట్రాలీ ఆటోలో తెచ్చారు. మెట్ల మీదుగా ఇద్దరే మోశారు.

"మిగిలినోళ్లేరి?" అన్నాను.

"మిగిలినోళ్లు లేరు సార్" అన్నాడు ప్రభాకర్. "ఈమె డ్రమ్స్ గొట్టుకుంట పాడుతది. నేను గిటార్ వాయిస్త. గంతే."

"నువ్వు పాడవా?"

"ఇందుల నాకు పాడేది ఏం లేదు సార్. తప్పు జేసినోణ్ని నేనే."

అప్పుడు సంగతి చెప్పాడు. హైదరాబాద్‌లో అందరూ ఆడవాళ్లే ఉన్న ఒక బ్యాండు స్వరూప వాయిస్తున్న వీడియో చూసి, తమతో ఒక నెల ఊళ్లు తిరిగి వాయిస్తుందా అని ప్రభాకర్‌కు ఫోన్ చేసింది. అతను ఆమెను అడగలేదు. "మా ఆమెకు కుదరది" అని చెప్పేశాడు. మూడు వారాల తర్వాత ఆ సంగతి ఆమెకు వేరే దారిన తెలిసింది. అప్పటికి వాళ్లు ఇంకొకరిని తీసుకున్నారు.

"నాలుగు దినాలు నాతోని మాట్లాడలె సార్" అన్నాడు. "ఐదో నాడు షాపుల రిపేరైన డ్రమ్మును దిప్పి చూస్తున్న. కొమ్ములు గలగల అంటున్నయ్. గా సప్పుడు మీద మొదలువెట్టింది తిట్టుడు. తిట్టుకుంట తిట్టుకుంటనే పాటయింది. నేనేమంట, తప్పు నాదే. గిటార్ దీసిన."

స్వరూప అంతసేపూ స్టాండ్లకు నట్లు బిగిస్తోంది. "తిట్టుడు కాదు సార్. చెప్పుడు" అంది తలెత్తకుండా.

అడక్కుండా జవాబు చెప్పేసిన సంగతంతా చరణాల్లో ఉంది. పాట ఇలా మొదలవుతుంది.

ఉడుకు ఉడుకు ఉడికే కొమ్ము
ఆరే దాంక ఆగవురా
నా మాట మీద నీళ్లు జల్లి
సల్లారిందని అనకురా

తాళం పాలిష్ డ్రమ్ముది. ఒక దెబ్బ బరువుగా పడుతుంది, దాని వెనక చిన్న చిన్నవి కురుస్తాయి. మొగుడి జవాబంతా గిటారే. మొదట దబాయిస్తుంది, నడుమ తడబడుతుంది, చివరికి దబాయింపు మానేసి ఆమె తాళం వెంట నడుస్తుంది. ఎవరి దగ్గరా నేర్చుకోని ఇద్దరు మనుషులు ఒక తగాదాను ఇంత నిజాయితీగా పాట చెయ్యడం నేను అంతకు ముందు వినలేదు. ఇది ఇప్పుడు రాస్తున్న మాట. అప్పుడు నాకు వినపడినవి తప్పులు.

పద్ధతి ప్రకారం ముందు డ్రమ్స్, తర్వాత గిటార్, చివర గొంతు విడివిడిగా పట్టాలని పట్టుబట్టాను. ఆమె ఒట్టి చేతులతో మైకు ముందు నిలబడింది. గొంతు పీలగా వచ్చింది. మూడుసార్లు పాడినా అంతే.

"చేతులు ఖాళీగుంటే నాకు నోరు రాదు సార్" అంది.

విసుక్కుంటూనే ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి అన్నీ ఒకేసారి పట్టాను. మొదటిసారి ఆమె చేతిలోంచి స్టిక్కు జారి గోడకు తగిలింది. అంతా ఆపి నవ్వుకున్నారు. రెండోసారి కుదిరింది. ‘అనకురా’ దగ్గర ఆమె గొంతు చీలి, ఆ చీలికలోంచే మాట బయటపడింది. ప్రభాకర్ కళ్లు మూసుకుని వాయిస్తున్నాడు. అద్దానికి ఇవతల కూర్చుని నేను నోటుపుస్తకంలో రాసుకున్నాను: గొంతు చీలింది, సరిచెయ్యాలి.

‘నడవాలె’ అనే మాట

పాటను జనంలోకి ఎలా వదలాలో వాళ్లకు తెలియదు. నన్నే అడిగారు. నేను గంగాధర్‌ను పిలిచాను. అతను ఒక జానపద పాటల చానల్ నడుపుతాడు. మా వైపు ఏ పెళ్లి ఊరేగింపులో విన్నా అతని చానల్ పాటే. పాటలు వినే అలవాటు మాత్రం అతనికి లేదు. మొదటి నాలుగు ముక్కలు విని మిగతాది ఊహిస్తాడు. ఆ నాలుగు ముక్కలైనా ఫోన్ చూసుకుంటూ వింటాడు.

"గొంతు బొంగురున్నదన్నా. జర మెత్తగ చెయ్యి" అన్నాడు. "డ్రమ్స్ దీసేసి డీజే బీటు వెయ్యి. ఇంకోటి, మొగడు మూగోడా? ఆమె గంతసేపు అంటుంటే ఒక్క మాట అనకపోతే మొగోళ్లు ఇంటరా?"

"గదే పాట గదయ్యా" అన్నాను. నిజంగానే అన్నాను. అక్కడితో ఆగిపోయాను.

"ఎవలన్న ట్రాక్ సింగర్‌తోని నాలుగు లైన్లు పాడిపియ్యి. బతిలాడినట్టు. ఆఖరుకు ఆమె నవ్వాలె. పెండ్లిళ్లల నడవాలె అన్నా, నడవాలె."

ఈ పనిలోకి వస్తున్నవాళ్లు ఈ మాటను దూరం నుంచే గుర్తుపట్టడం నేర్చుకోండి. నడవాలె. మంచిదా చెడ్డదా అని అడిగే బాధ్యత తప్పించుకోవడానికి మా వృత్తి కనిపెట్టుకున్న మాట. ఈ మాట అన్నవాడికి చెవులు ఉండవు. తలూపినవాడికి, అంటే నాకు, చెవులు ఉండీ లాభం లేదు.

రెండు రోజుల్లో అంతా చేశాను. ఆమె గొంతును శ్రుతికి లాగాను. చీలికలు అతికాను. ఊపిరులు తీసేశాను. డ్రమ్స్ బదులు కంప్యూటర్ దరువు వేశాను. ఒక ట్రాక్ సింగర్ వచ్చి, పాట దేని గురించో కూడా అడక్కుండా, "అలకెందుకే బంగారం, పసుపంటి సింగారం" అని నాలుగు లైన్లు పావుగంటలో పాడి చాయ్ తాగి వెళ్లాడు. ఆఖర్న ఆమె నవ్వు కావాలి కదా. స్టిక్కు జారినప్పటి నవ్వు నా దగ్గర ఉంది. దాన్ని కోసి తెచ్చి మొగుడి బతిమాలుడు తర్వాత అతికించాను. నా జీవితంలో అంత శుభ్రంగా చేసిన అతుకు మరొకటి లేదు. అంత నీచమైనదీ లేదు.

ఈలోగా గంగాధర్ ఒక ఒప్పందం కాగితం పంపాడు. నా బల్ల మీదే పెట్టి ఇద్దరికీ చూపించాను.

"ఇందుల ఏమున్నది సార్?" అని స్వరూప అడిగింది.

"మామూలు కాయిదమే అమ్మా. అందరు వెడ్తరు."

నేను దాన్ని చదవలేదు. చదవని కాగితం గురించి అంత భరోసాగా ఎలా చెప్పానంటే, నేను చెబితే ఎవరూ రెండో మాట అడగరని అలవాటు పడిపోయాను. ఆమె కాగితం వైపు కాదు, నా ముఖం వైపు చూసి సంతకం పెట్టింది. తర్వాత ప్రభాకర్ పెట్టాడు. పాటలో ఏం మార్చానో చెప్పలేదు. "జర సాపు చేసిన" అన్నాను.

మెచ్చుకోలు

పాట నడిచింది. ఆటోల్లో, ఫోన్లలో, ఊరేగింపుల్లో. పెళ్లికూతుర్ని కారు ఎక్కించేటప్పుడు పెళ్లికొడుకు స్నేహితులు ఆ పాట పెట్టి, ‘అలకెందుకే బంగారం’ దగ్గర ఆమె ముఖం మీదికి ఫోన్లు పెట్టి వీడియో తీయడం ఒక ఆనవాయితీ అయిపోయింది. అడక్కుండా తన తరఫున జవాబు చెప్పిన మొగుడి మీద ఒక ఆడమనిషి కట్టిన పాట, పుట్టింటివాళ్లను వదిలి ఏడుస్తున్న పిల్లను ఆట పట్టించడానికి పనికొచ్చింది. చానల్ కింద సూపర్, సూపర్ అని బారులు తీరి రాశారు. వాళ్లలో ఒక్కరికీ ఆ పాటలో మాటలు పట్టలేదు. పట్టకుండా చేసింది నేనే కాబట్టి వాళ్లను తిట్టే హక్కు నాకు లేదు. అయినా తిడుతున్నాను.

విడుదలైన మూడో నాడు ఇద్దరూ వచ్చారు. ప్రభాకర్ గుమ్మం దాటుతూనే అడిగాడు.

"గా మొగగొంతు ఎవలది సార్?"

చెప్పాను.

"నా నోట్లెకెళ్లి వచ్చినట్టు వెట్టిండ్రు. మా వాడకట్టోళ్లు నన్ను బంగారం అని పిలుస్తున్నరు. నేను ఈమెను ఎన్నడన్న బంగారం అన్ననా? మా అమ్మ ఇని ఏమన్నదో ఎరికేనా? ‘మా కోడలు అన్న మాటలు నేను గోడ అవతల నిలవడి ఇన్న, గిందుల గా ఉడుకు లేదు’ అన్నది."

ఆ పాటకు నేను చూసిన విమర్శల్లో సరైనది ఆ తల్లిది ఒక్కటే. అది ఏ పేపర్లోనూ రాలేదు.

స్వరూప కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఆ నవ్వు యాడిది సార్?"

"స్టిక్కు జారినప్పుడు నవ్వినవు కదమ్మా. గది."

ఆమె నెమ్మదిగా అంది. "తప్పు నాదే అని ఒప్పుకునేతందుకు ఈయన మస్తు తిప్పలవడ్డడు సార్. గది పాటల ఉండె. మీరు దాన్ని మాపేసిండ్రు. నాలుగు మాటలకు నేను కరిగినట్టు, నవ్వినట్టు వెట్టిండ్రు. నేను నవ్వలె."

"నడుస్తున్నది కదమ్మా" అన్నాను.

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. మొగుడికి నాలుగు రోజుల కోపం దక్కింది. నాకు అదైనా దక్కలేదు. కోపం తెచ్చుకోవడానికైనా మనిషి మీద కొంత గురి ఉండాలి.

శాలువా కప్పిన రోజు

కొన్నాళ్లకు ఆర్మూర్‌లో ఒక సాంస్కృతిక సంఘం వార్షికోత్సవం చేసింది. ఫంక్షన్ హాల్లో పొద్దున్నే సభ, తర్వాత భోజనాలు, తర్వాత పాటలు. పేరు తెచ్చుకున్న దంపతులని వాళ్లను పిలిచారు. అసలు పాట వినిపించడానికి ఇదొక దారి అనుకుని వాళ్లు ఒప్పుకున్నారు. స్థానిక కళకు సేవ చేశానని నాకు సన్మానం చేసి, శాలువా కప్పి, ముందు వరుసలో కూర్చోబెట్టారు.

స్వరూప డ్రమ్స్ వెనక కూర్చుని మొదటి దెబ్బ వేసేసరికే హాల్లో గుసగుసలు. చరణం దాటేసరికి ఈలలు. "బంగారం ఏది?" అని ఒకరు, "డీజే పాట వెయ్యుండ్రి" అని ఇంకొకరు. ప్రభాకర్ చెయ్యి ఒకచోట తప్పింది. ఆమె తాళం తప్పలేదు. ఈలల నడుమే పాట ముగిసేదాకా పాడింది.

వేదిక మీదున్న ఒక రిటైరైన లెక్చరర్ మైకు అందుకున్నాడు. "మన మట్టి వాసన ఉన్న చక్కని జానపదం. దాన్ని ఇట్లా రాక్ పేరుతో అరిచి పాడు చేశారు. రాక్ మనది కాదమ్మా" అన్నాడు. ఆయన చెప్పిన మట్టి వాసనను నేను కంప్యూటర్లో రెండు రోజుల్లో తయారు చేశాను. దాన్ని ఆయన తరతరాల సంపద అనుకున్నాడు. పండితుడి ముక్కు అంత పదునైనది.

"రాక్ అంటే రాయే గద సార్" అంది స్వరూప. "ఆర్మూర్ల రాళ్లకు ఏం తక్కువున్నది?"

ఊరి గుట్ట నిండా ఏనుగులంతేసి బండలున్న ఊరు మాది. వెనక వరుసల్లో కొందరు నవ్వారు. లెక్చరర్ నవ్వలేదు. పెద్దవాళ్లతో మాట్లాడే మర్యాద గురించి ఇంకో ఐదు నిమిషాలు చెప్పాడు.

మర్నాడు జిల్లా పేజీలో వార్త వచ్చింది. ‘చక్కని పాటను చెడగొట్టిన దంపతులు.’ రాసినవాడు నా పక్కనే కూర్చుని భోంచేసి, వాళ్లు వేదిక ఎక్కకముందే వెళ్లిపోయాడు. వినని పాట మీద అంత గట్టి తీర్పు ఇవ్వగలిగినవాడు ఆ వృత్తిలో ఇంకా పైకి వస్తాడు. ఫోన్లలో ఇంకో తమాషా. హాల్లో ఎవరో తీసిన వీడియోలోంచి ఆమె గొంతు చీలిన ముక్కను మాత్రం కత్తిరించి, పక్కన పిల్లి బొమ్మ పెట్టి తిప్పారు. వెల్డింగ్ షాపుకు పని మీద వచ్చినవాళ్లు కూడా ఆమె ముందే ఆ ముక్క పెట్టుకుని నవ్వారు. డ్రమ్స్ మీద ఆమె టార్పాలిన్ కప్పేసిందని విన్నాను.

వీళ్లందరినీ ఇంతసేపు తిట్టాను కదా. నేను ఏం చేశానంటే, ముందు వరుసలో కూర్చుని ఉన్నాను. లేచి ఒక్క మాట చెబితే సరిపోయేది: చెడగొట్టింది వాళ్లు కాదు, నేను. లేవలేదు. శాలువా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

ఇంట్లో విన్న మాట

ఆ వారంలో ఒక మధ్యాహ్నం ఇంట్లో రెండు పాటలూ పెట్టుకుని విన్నాను. ముందు అసలుది, తర్వాత చానల్లోది. నా భార్య వసంత చింతపండులో గింజలు తీస్తోంది. సంగీతం గురించి ఎప్పుడూ మాట్లాడని మనిషి.

"ఇద్దరు పాడిండ్రా?" అంది.

"ఒక్కామెనే. రెండు తీర్ల చేసిన."

"కాదు. మొదటిది గామె పాడింది. రెండోది నువ్వు పాడినవ్."

అని గింజలు తీసుకుంటూ కూర్చుంది. పెద్దసారు కాగితాల చుట్ట ఎప్పుడూ అంత గట్టిగా తగల్లేదు.

ప్రభాకర్‌కు ఫోన్ చేసి, అసలు పాటను నా స్టూడియో పేజీలో పెడతానని అడిగాను. మొదటిసారి అడిగాను. అతను ఫోన్ ఆమెకిచ్చాడు. "వెట్టుండ్రి" అంది, అంతే. పాట పెట్టి, దాని కింద నేను చేసిందంతా రాశాను: మొగుడి లైన్లు నావి, అతికిన నవ్వు నాది, అని. విన్న కొద్దిమందిలో కొందరు ‘రీమిక్స్ బాగలేదు, పాతదే మంచిగుంది’ అని రాశారు. నాలుగో నాడు పాట అక్కడ లేదు. గంగాధర్ ఫిర్యాదు మీద తీసేశారు.

అతనికి ఫోన్ చేశాను.

"పాట నాది కదన్నా" అన్నాడు. "బాణీ, మాట, గొంతు అన్ని రాసిచ్చిండ్రు. సంతకం నీ ముంగటనే అయింది."

"వాళ్లు పాడింది వాళ్లు వెట్టుకుంటే నీకేం పోతది?"

"ఇనేటోళ్లు పరేషాన్ అయితరన్నా. ఏది అసలుదో, ఏది నకిలీదో అని."

వెక్కిరించడం లేదు. అసలుది తన దగ్గరున్నదే అని అతను నిజంగానే అనుకుంటున్నాడు. మోసగాళ్లతో వేగవచ్చు. ఇలాంటివాళ్లతో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు.

కాగితం నకలు తెప్పించుకుని మొదటిసారి చదివాను. నిజామాబాద్‌లో ఒక వకీలుకు చూపించాను. ఆయన రెండుసార్లు చదివి, చెయ్యగలిగింది ఏమీ లేదని మడిచి నా చేతికిచ్చాడు. దాన్ని పట్టుకుని వెల్డింగ్ షాపుకు వెళ్లాను. ప్రభాకర్ చేస్తున్న పని ఆపాడు. స్వరూప లోపలి నుంచి వచ్చి గడప దగ్గర నిలబడింది.

"చదివిండ్రా సార్, ఇప్పుడన్న?"

"చదివిన."

"ఏమున్నది?"

మొత్తం పైకి చదివాను. ఆ రోజు నా బల్ల దగ్గర చదవాల్సింది ఇప్పుడు ఇనప ముక్కల నడుమ నిలబడి చదివాను. ప్రభాకర్ నేల వైపు చూస్తున్నాడు.

"తప్పు నాదే అమ్మా" అన్నాను.

"ఈయన గూడ గదే అన్నడు" అంది. "ఎదురుంగ కూసున్నోళ్లకు పాడొద్దని ఉన్నదా గందుల?"

ఇంకోసారి చూశాను. లేదు.

"అయితే పాడుతం."

ఇందులో మీకు పాఠం కావాలంటే ఇది: ఎవరి గొంతైనా మీ చేతికి వచ్చినప్పుడు, దాని మీద వేలు పెట్టే ముందు ఆ మనిషిని అడగండి. కాగితం ఉంటే మీరే చదివి వినిపించండి. ఇంత చిన్న సంగతి నాకు వృత్తి ముగిసే రోజుల్లో తెలిసింది. మీకు అంత ఆలస్యం అక్కర్లేదు.

వేల్పూర్ కల్లంలో

పసుపు పాలిష్ పనులు ముగిసే రోజుల్లో స్వరూప ఫోన్ చేసింది. వేల్పూర్‌లో వాళ్ల పుట్టింటి కల్లంలో, ఆ ఏడు ఉడకబెట్టిన, ఆరబోసిన, డ్రమ్ములు తిప్పిన ఆడవాళ్లంతా ఒక పూట భోజనాలు పెట్టుకుంటున్నారు. అక్కడ పాడతామంది. సౌండ్ పెట్టడానికి వస్తారా అని అడిగింది. ఆర్మూర్‌లో సౌండ్ పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. నన్నే ఎందుకు పిలిచిందో అడగలేదు. పదకొండింటికల్లా వెళ్లాను.

రెండు స్పీకర్లు, ఒక చిన్న మిక్సర్. చాప మీద కూర్చుని వైర్లు కలిపాను. ఆమె డ్రమ్స్ బిగించుకుని నా దగ్గరికి వచ్చి, మిక్సర్ మీదున్న మీటలను కాసేపు చూసింది.

"మాట ఇనవడేటట్టు గివన్ని ఒక్కసారి వెట్టుండ్రి సార్. పాట షురూ అయినంక దేన్నీ ముట్టకుండ్రి."

"యాడన్న గొంతు..." అన్నాను.

"చీలనియ్యుండ్రి."

పాట మొదలైంది. కొందరు ఇంకా తింటున్నారు. మొదటి దెబ్బలకే చాలామంది తలలెత్తారు. ఆ చప్పుడు వాళ్లు నెలల తరబడి పక్కన నిలబడి విన్నది. మాటలు మొదలయ్యాక కంచాల మీద చేతులు ఆగాయి. ఈలలు లేవు. ‘అనకురా’ దగ్గరికి వస్తుండగా, నేను అనుకోకుండానే నా వేళ్లు మీట మీదికి లేచాయి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను. గొంతు చీలింది. చీలినట్టే వినపడింది. గిటార్ తడబడి, సర్దుకుని, ఆమె వెంట నడిచింది.

పాట అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ముందు కూర్చున్న ఒక పెద్దామె, వేళ్లకు పసుపు పట్టేసి ఉంది, ప్రభాకర్ వైపు చూసి అడిగింది.

"అడగకుంట జవాబు చెప్పినోడివి నువ్వేనా కొడుకా?"

"నేనే అవ్వా."

ఆమె స్వరూప వైపు తిరిగింది.

"మల్ల పాడు బిడ్డా. జర దగ్గరికి జరుగుతం."

కంచాలు తీసుకుని అందరూ ముందుకు జరిగి కూర్చున్నారు. వాళ్లు మళ్లీ పాడారు. రెండోసారి గొంతు చీలినప్పుడు నా వేళ్లు కదల్లేదు.